మహాగ్రహముల ధ్రువజ్యోతులు

భూగోళమునందు ఉత్తర దక్షిణ ధ్రువములకు సమీపమున నున్న దేశములలో రాత్రివేళ ఆకాశమున ఒక అద్భుతమైన వెలుగు కనబడుచుండును. పచ్చని తెరలు వ్రేలాడదీసినట్లును, ఎఱ్ఱని అంచులుగల వస్త్రములు గాలికి కదలినట్లును అది గంటలకొలది ఆడుచుండును. నార్వే, ఐస్‌లాండు, కెనడా మున్నగు దేశముల ప్రజలకు ఇది పరిచితమైన దృశ్యము. దీనినే ధ్రువజ్యోతి యందురు. మన తెలుగు దేశము ధ్రువములకు మిక్కిలి దూరమున నుండుటచే ఇది మనకు కనబడదు. 2024వ సంవత్సరము మే నెల 10, 11 తేదీలలో సూర్యునినుండి వెలువడిన గొప్ప తుపాను భూమిని తాకినప్పుడు మాత్రము, లడఖ్‌లోని హాన్లే పరిశీలనశాలవారు ఆకాశపుటంచున ఎఱ్ఱని కాంతిని చూచి ఛాయాచిత్రములు తీసిరి. మన దేశమున నది అరుదైన సంఘటన.

ఇట్టి జ్యోతులు ఒక్క భూమికే గల సొత్తు కాదు. బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్ అను నాలుగు మహాగ్రహములకును ఇవి కలవు. అందు బృహస్పతి జ్యోతి భూమి జ్యోతికంటె వందల రెట్లు ప్రకాశవంతమైనది. ఈ జ్యోతులు ఎల్లప్పుడును ఒకే తీరున వెలుగవు. ఒకనాడు మందగించును, ఒకనాడు విజృంభించును, ఒక్కొక్కప్పుడు చూచుచుండగనే మారిపోవును. ఈ హెచ్చుతగ్గులకు కారణమేమి? నలువది యేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో చదువుకొనుచున్న విద్యార్థికి బృహస్పతి ధ్రువములయందలి వెలుగుతో పనియేమి అని కొందరడుగవచ్చును. ఆ వెలుగు మన పొలములకు నీరు తేదు. మన దీపములకు నూనె పోయదు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని నా అభిప్రాయమున, ఆ వెలుగును గూర్చిన విచారణ మనకు మిక్కిలి అవసరమైన ఒక పాఠమును నేర్పుచున్నది. ఒక కార్యము కనబడగనే దానికి ఒకే కారణమును ఊహించి తృప్తిపడుట మనుష్య స్వభావము. ఆ తృప్తి ఎంత తొందరపాటో, దానిని విడిచి సత్యమును తెలిసికొనుటకు ఎంత ఓపిక వలయునో, ఈ జ్యోతుల కథ చక్కగా తెలుపును.

ముందుగా మనకు తెలిసిన నీటిని గూర్చి ఆలోచింతము. నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము కలదు. అచ్చటి కోనేటిలో నిరంతరము ఊటనీరు ఊరుచుండును. ఆ నీరు ఎంత తేటనిదనగా, అడుగున పడిన చిన్న నాణెమైనను స్పష్టముగా కనబడును. ఎండకాలమైనను వానకాలమైనను ఆ ఊట ఒకే తీరుగ నుండునని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఆలయమునుండి వెలుపలికి పారిన నీరు పరిసరముల తోటలను, పొలములను తడుపుచున్నది. ఇక అదే ప్రాంతమున అహోబిలము కొండలలోని భవనాశిని చూడుడు; నంద్యాల ప్రక్కగా పారి పెన్నలో కలియు కుందూనదిని చూడుడు. వానలు కురిసిన దినములలో అవి పొంగును. వానలు లేని దినములలో సన్నగిల్లును. ఒకదానికి బలము లోపలినుండి వచ్చుచున్నది. మఱియొకదానికి బలము వెలుపలినుండి వచ్చుచున్నది.

ఇప్పుడు ఊటనీరును వాననీరును కలిసి పారెడి ఒక కాలువ యున్నదనుకొనుడు. ఒకనాడు ఆ కాలువలో నీటిమట్టము జానెడు పెరిగినది. ఊట హెచ్చినదా? ఎగువ వాన కురిసినదా? కాలువ గట్టున నిలుచుండి నీటిని చూచినంత మాత్రమున ఎవ్వరును చెప్పజాలరు. ఊటయొద్ద ఒకడును, కొండపై వర్షమాపకమునొద్ద ఒకడును అదే దినమున కొలతలు తీసియుండవలెను. మహాగ్రహముల జ్యోతులలోని హెచ్చుతగ్గుల చిక్కు సరిగా ఇట్టిదే.

భూమి జ్యోతి చాలవరకు వాననీటి వాగువంటిది. సూర్యునినుండి విద్యుదావేశముగల సూక్ష్మకణములు నిరంతరము అన్ని దిక్కులకును వీచుచుండును. దీనిని సౌరపవనమందురు. ఇట్టి పవనము ఉండితీరవలెనని 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ గణితముతో నిరూపించెను. ఆయన వ్యాసమును పరీక్షించిన పండితులిద్దరు అది తప్పనిరి. కాని ఆ పత్రికకు సంపాదకుడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, తనకును ఆ భావము రుచింపకున్నను, గణితమున దోషము కనబడలేదు గనుక దానిని ప్రకటించెను. 1962లో మారినర్-2 అను నౌక శుక్రగ్రహమునకు పోవుచు దారి పొడవునను ఆ పవనమును కొలిచెను. నచ్చని మాటయైనను తప్పని తేలువరకు త్రోసివేయరాదను నీతికి ఇదియొక మంచి ఉదాహరణము.

సౌరపవనము సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో వీచుచు నాలుగైదు దినములలో భూమిని చేరును. భూమి ఒక పెద్ద అయస్కాంతము. దాని అయస్కాంతక్షేత్రము కవచమువలె ఈ పవనమును ప్రక్కలకు మరల్చును. సూర్యునిపై అల్లకల్లోలము రేగి పవనము బలముగ వీచినప్పుడు ఆ కవచము నొక్కుకొని, సాగి, కదలిపోవును. అప్పుడు దానిలోని ఎలక్ట్రానులు అయస్కాంతరేఖల వెంబడి ధ్రువములవైపు దూకి, నూరు కిలోమీటర్లకు పైన గల పలుచని గాలిని ఢీకొనును. ఆ దెబ్బకు ప్రాణవాయువు పచ్చగను ఎఱ్ఱగను, నత్రజని నీలముగను వెలుగును. కనుక సూర్యుడు శాంతించిన దినములలో జ్యోతి మందగించును. సూర్యుడు రేగిన దినములలో అది విజృంభించును. భూమి విషయమున ఈ సమాధానము చాలవరకు సరిపోవుచున్నది.

ఈ సమాధానమునే బృహస్పతికిని అంటగట్టుట సులభము. కాని అట్లు చేసినవాడు పొరబడును. బృహస్పతినుండి రేడియో తరంగములు వచ్చుచున్నవని 1955లో కనుగొనిరి. అందు కొన్ని తరంగముల రాకపోకలు, ఐయో అను దాని ఉపగ్రహము ఎచ్చటనున్నదను దానిపై ఆధారపడి యుండునని 1964లో తేలెను. ఐయో మనకు క్రొత్తది కాదు. 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో చూచిన నాలుగు ఉపగ్రహములలో నొకటి. అంత చిన్న ఉపగ్రహము అంత పెద్ద గ్రహము పలుకును మార్చుట వింతగ తోచెను. ఆ వింతకు మూలము 1979లో బయటపడెను. ఆ మార్చి నెలలో వాయేజర్-1 నౌక బృహస్పతి దాపుగా పోవుచు ఐయోపై మండుచున్న అగ్నిపర్వతములను చూచెను. గ్రహము ధ్రువములయందు అతినీలలోహిత కాంతితో వెలుగు జ్యోతిని గూడ చూచెను.

ఆ రెంటికిని సంబంధము కలదు. ఐయోను ఒకవైపు బృహస్పతియు, మఱియొకవైపు తోటి ఉపగ్రహములును లాగుచుండుటచే దాని గర్భము పిండబడి వేడెక్కి, గంధకపు వాయువులు ఎగజిమ్ముచున్నవి. ప్రతి సెకనుకును సుమారు ఒక టన్ను పదార్థము ఐయోను విడిచి అంతరిక్షమున పడుచున్నది. ఆ వాయువులోని పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోయి విద్యుదావేశమును పొందును. పొందిన మరుక్షణమున అవి బృహస్పతి అయస్కాంతక్షేత్రమునకు బందీలగును. బృహస్పతి అయస్కాంతబలము మొత్తముమీద భూమి బలముకంటె ఇరువదివేల రెట్లు గలది. ఆ గ్రహము పది గంటలలోపుగనే తన చుట్టు తాను తిరుగును. తనతోపాటు ఆ కణములనుగూడ త్రిప్పును.

తిరుగుచున్న రంగులరాట్నము నడుమ నొకడు నిలుచుండి యున్నాడనుకొనుడు. అతడు అంచువైపు నడచిన కొలదియు రాట్నము అతనిని మఱింత వేగముగ త్రిప్పవలసి వచ్చును. అతడు వెనుకబడ జూచును. రాట్నము అతనిని ముందునకు లాగును. ఆ లాగుటలో రాట్నము తన శక్తిని వ్యయపరచును. ఐయో కణములును అట్లే వెలుపలికి జరుగుచు వెనుకబడుచుండును. వానిని లాగుటకై గ్రహమునకును వానికిని నడుమ అయస్కాంతరేఖల వెంబడి విద్యుత్ప్రవాహములు పారును. ఆ ప్రవాహములతో దిగివచ్చిన ఎలక్ట్రానులు బృహస్పతి గాలిలోని ఉదజనిని ఢీకొని జ్యోతిని వెలిగించును. 2016 జులైలో బృహస్పతిని చేరిన జూనో నౌక ఆ ధ్రువములపైన నాలుగు లక్షల వోల్టుల వరకు గల విద్యుద్బలమును కనిపెట్టెను. ఈ విధముగ బృహస్పతి జ్యోతికి ముఖ్యబలము సూర్యునినుండి గాక, గ్రహముయొక్క భ్రమణమునుండియు ఐయో కొండల మంటలనుండియు వచ్చుచున్నది. అనగా నిది మహానంది ఊటవంటిది.

ఇచ్చటితో కథ ముగిసినయెడల ఎంతో సుఖముగ నుండెడిది. భూమికి వెలుపలి వాన, బృహస్పతికి లోపలి ఊట అని చెప్పి పుస్తకమును మూసియుందుము. కాని ప్రకృతి మన సౌకర్యము కొఱకు నడువదు.

బృహస్పతిపై సౌరపవనము బలముగ వీచినచో ఏమగునని 2001 ప్రాంతమున శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి. పవనము నొక్కగనే గ్రహము అయస్కాంతకవచము ముడుచుకొనును. దానిలోని కణములు లోపలికి జరుగును. రాట్నము అంచునుండి నడుమకు వచ్చువానిని రాట్నము లాగవలసిన పని తగ్గును గదా! కనుక ప్రవాహము తగ్గవలెను, జ్యోతి మందగింపవలెను. ఈ వాదమున తర్కము చక్కగనే యున్నది. కాని హబుల్ దూరదర్శినితో చూచినప్పుడు అందుకు విరుద్ధముగ కనబడెను. 2016లో జూనో బృహస్పతిని సమీపించుచు దారిలో సౌరపవనమును స్వయముగ కొలుచుచుండెను. అదే దినములలో హబుల్ జ్యోతిని చూచుచుండెను. పవనము నొక్కినప్పుడు జ్యోతి మందగింపలేదు సరికదా, మఱింత ప్రకాశించెను.

అట్లయిన పవనమే యజమానియా? అదియు కాదు. జపానువారు 2013లో పంపిన హిసాకి అను చిన్న ఉపగ్రహము మాసములకొలది బృహస్పతినే చూచుచుండెను. 2014 జనవరిలో సౌరపవనము నెమ్మదిగ నున్నదని లెక్కలు చెప్పుచున్న దినములలోనే జ్యోతి ఉన్నట్టుండి పెచ్చరిల్లెను. 2015 ఆరంభమున ఐయో అగ్నిపర్వతములు విజృంభించి, దాని కక్ష్య చుట్టునున్న గంధకపు వలయము ప్రకాశించెను. ఆ కాలమున జ్యోతిలోని ఆకస్మిక మెరుపులును తరచైనవి. ఇచ్చట లోపలి ఊటయే హెచ్చినట్లు స్పష్టముగ నున్నది. కాబట్టి ఒకే జ్యోతి, ఒకనాడు వెలుపలి తాకిడికిని, మఱియొకనాడు లోపలి పొంగునకును ప్రకాశించుచున్నది. వెలుగును మాత్రమే చూచువానికి ఆ రెండు దినములును ఒక్కటే.

ఇచ్చట మహానందిని గూర్చి మఱియొక మాట చెప్పవలెను. ఊట లోపలినుండి వచ్చుననుట నిజమే. కాని ఆ లోపలి నీరెచ్చటిది? నల్లమలపై కురిసిన వానయే రాళ్ల సందుల ఇంకి, నెమ్మదిగ దిగి, చాలకాలమునకు ఊటగ పైకి వచ్చుచున్నది. లోపలిది, వెలుపలిది అని మనము గీసిన గీత మన సౌకర్యము కొఱకే. బృహస్పతియందును ఇంతే. ఐయో నింపిన కవచమును సౌరపవనము తట్టుచున్నది. ఆ తట్టునకు కవచము ఎట్లు కదలునో, లోపల నున్న కణములెన్నియో దానినిబట్టి యుండును. రెండు కారణములు ఒకదానికొకటి శత్రువులు కావు. అవి కలిసి పనిచేయుచున్నవి.

శనిగ్రహము సంగతి కొంత వేఱు. 2004 జనవరిలో కసీని నౌక శనిని సమీపించుచు సౌరపవనమును కొలుచుచుండగా, హబుల్ మూడు వారములకు పైగా శని జ్యోతిని చిత్రించెను. ఆ నెల చివరి వారమున బలమైన పవనపు కెరటము శనిని తాకెను. జ్యోతి వెంటనే ప్రకాశించి, ధ్రువమువైపు ముడుచుకొని, కొన్ని దినములట్లే నిలిచెను. కనుక శనియందు వాన ప్రభావము బలమైనది. అయినను అచ్చటను ఊట లేకపోలేదు. ఎన్‌సెలాడస్ అను చిన్న ఉపగ్రహము మంచు పగుళ్లనుండి నీటియావిరిని ఎగజిమ్ముచున్నదని 2005లో కసీనియే కనుగొనెను. ఆ యావిరి శని కవచమును నింపుచున్నది. అదిగాక శని జ్యోతిలో కొంతభాగము ఆ గ్రహము పైగాలిలోని సుడుల వలన కలుగుచున్నదని ఇటీవలి పరిశీలనలు తెలిపినవి. అనగా మూడవ కారణము ఒకటి తల యెత్తినది.

యురేనస్, నెప్ట్యూన్ మఱింత విచిత్రమైనవి. యురేనస్ ప్రక్కకు ఒరిగి దొర్లుచున్నట్లు తిరుగును. దాని అయస్కాంతాక్షము భ్రమణాక్షమునకు 59 డిగ్రీలు వంగియున్నది. అందుచే దాని జ్యోతులు మన భూమియందువలె భ్రమణధ్రువముల చుట్టు కూడియుండవు. 2011లో సౌరపవనపు కెరటము ఆ గ్రహమును చేరు దినమును ముందుగ లెక్కించి హబుల్‌ను త్రిప్పి చూడగా, కొద్దిసేపు మాత్రము వెలిగి ఆరిన మచ్చలు కనబడెను. నెప్ట్యూన్ జ్యోతి జాడ 1989లో వాయేజర్-2నకు లేశమాత్రముగ చిక్కెను. ఆ తరువాత ఎంత వెదకినను అది స్పష్టముగ కనబడలేదు. తుదకు 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని దానిని చిత్రించెను. ఆ చిత్రము 2025లో ప్రకటింపబడెను. అన్నాళ్లు కనబడకుండుటకు కారణమేమనగా, 1989నుండి నేటికి ఆ గ్రహము పైగాలి మిక్కిలి చల్లబడినది. గాలి చల్లనిదైనచో పరారుణకాంతి మందగించును. కొట్టువాని బలమును మాత్రమే లెక్కించిన చాలదు. దెబ్బ తినెడి గాలి స్థితినిగూడ విచారింపవలెనని నెప్ట్యూన్ నేర్పినది.

ఇక ఇంకొక హెచ్చరిక కలదు. 2023 డిసెంబరు 25వ తేదీన జేమ్స్ వెబ్ బృహస్పతి జ్యోతిని చూడగా, అది సెకనుల వ్యవధిలోనే మారుచుండెను. నెమ్మదిగ మారునని తలచిన వెలుగు చిటపటలాడుచున్నట్లుండెను. అదే సమయమున హబుల్ అతినీలలోహిత కాంతిలో చూచుచుండెను. వెబ్‌కు మిక్కిలి ప్రకాశముగ కనబడిన భాగములు హబుల్‌కు కనబడనేలేదు. ఒకే వస్తువును ఇద్దరు సాక్షులు ఒకే క్షణమున చూచి భిన్నముగ చెప్పిరి. ఇద్దరును సత్యవాదులే. ఒక్క సాక్షిమాటపై తీర్పు చెప్పరాదని మన పెద్దలు గ్రామపు చావడిలోనే నేర్పిరి. అంతరిక్షమునందును అదియే న్యాయము.

ఇంత దూరపు వెలుగును గూర్చి ఇన్ని సంగతులెట్లు తెలిసినవని మీరడుగవచ్చును. కాంతిని వర్ణపటముగ విడదీసి చూచుటవలననే తెలిసినవి. ఆ విద్యకు మన తెలుగునేలతో సంబంధము కలదు. 1868 ఆగష్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినప్పుడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించెను. అందు కనబడిన మెరుపుగీతలను బట్టి ఆ జ్వాలలు మండెడి ఉదజని వాయువని తేలెను. మరునాడు గ్రహణము లేకున్నను ఆ గీతలను చూడవచ్చునని ఆయన గ్రహించెను. ఆ కాలపు పరిశీలనలలో కనబడిన పచ్చని పసుపుగీత వలననే హీలియమను క్రొత్త మూలకము లోకమునకు తెలిసెను. నేడు బృహస్పతి జ్యోతిలో ఉదజని గీతలను చదువు విద్య, ఆనాడు గుంటూరులో సూర్యజ్వాలల గీతలను చదివిన విద్యయే.

రెండవ సంబంధము శ్రీహరికోట. 2023 సెప్టెంబరు 2న అచ్చటినుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక 2024 జనవరి 6న తన స్థానమును చేరెను. భూమికి సూర్యునివైపున సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, అది వచ్చెడి సౌరపవనమును కొలుచుచున్నది. అది కొండపై నుంచిన వర్షమాపకమువంటిది. భూమికి ఇట్టి కాపలాదారులు మఱికొన్ని కలవు. బృహస్పతి ముందు అట్టి కాపలాదారు నిత్యము నిలిచి యుండడు. అందుచే అచ్చటి పవనమును సాధారణముగ భూమియొద్ద కొలిచిన దానినిబట్టి లెక్కించి ఊహింపవలసి వచ్చును. ఆ పవనము భూమిని దాటి బృహస్పతిని చేరుటకు రెండు వారములకు పైగా పట్టును. ఈలోపల లెక్క ఒకటి రెండు దినములు తప్పవచ్చును. ఒక దినము తప్పినచో, వాన కురియకముందే వాగు పొంగినదని చెప్పినట్లగును.

కనుక నా అభిప్రాయమిది. గొప్ప దూరదర్శిని ఒకటి గొప్ప చిత్రము నొకటి తీసినప్పుడు లోకము మెచ్చుకొనును. ఆ మెప్పు న్యాయమైనదే. కాని జ్యోతి మార్పులకు కారణమును తెలిపినది ఒంటరి చిత్రము కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకే కాలమున, లోపలను వెలుపలను, దినముల తరబడి కొలిచిన కొలతలే తెలిపినవి. 2000 డిసెంబరులో కసీని బృహస్పతి వెలుపలను, గెలీలియో నౌక దాని దాపునను ఉండి చేసిన జంట పరిశీలన అట్టిది. 2023లో ఐరోపావారు పంపిన జ్యూస్ నౌక 2031లోను, 2024లో అమెరికావారు పంపిన యూరోపా క్లిప్పర్ 2030లోను బృహస్పతిని చేరవలసి యున్నవి. వానిలో ఒకటి కవచము వెలుపలను ఒకటి లోపలను ఉండు దినములను వృథా పోనీయక వాడుకొనుట, క్రొత్త చిత్రములు తీయుటకంటె తక్కువ పని కాదు.

ఇట్టి పరిశోధనలకు ధనము వ్యయము చేయుట దండుగయనువారు కలరు. ఆకలి తీర్చవలసిన దేశములు ఆకాశమును కొలువనేల అని వారందురు. ఆకలి తీర్చుట మొదటి ధర్మము. అందు సందేహము లేదు. కాని ఒక సంగతి గమనింపుడు. 1989 మార్చిలో సూర్యుని తుపాను తాకిడికి కెనడాలోని క్విబెక్ రాష్ట్రమంతయు విద్యుత్తు లేక తొమ్మిది గంటలు చీకటిలో మునిగెను. ధ్రువజ్యోతిని వెలిగించిన విద్యుత్ప్రవాహములే ఆ తీగలను దెబ్బతీసినవి. భూమియను ఒక్క ఉదాహరణమును మాత్రమే చదివినవాడు ఈ ప్రవాహముల నియమములలో భూమికి ప్రత్యేకమైనవేవో, అన్నిటికి సామాన్యమైనవేవో వేఱుచేయజాలడు. ఒక్క రోగిని మాత్రమే చూచిన వైద్యుడు ఎంత తెలివిగలవాడైనను అతని మందును నమ్మవచ్చునా?

విద్యార్థులారా! ఈ నీతి గ్రహములకు మాత్రమే చెందినది కాదు. మన రాయలసీమ గ్రామములలో ఏటేట బావి మట్టము దిగుచుండుట చూచుచున్నాము. వాన లేదని ఒకడనును. ప్రక్క పొలమువాడు లోతుగ బోరు వేసెనని మఱియొకడనును. మాట మాట పెరిగి అన్నదమ్ముల నడుమ వైరములు పుట్టుచున్నవి. ఇద్దరిలో నెవ్వడును బావిని కొలువలేదు, వానను కొలువలేదు, బోరు ఎన్ని గంటలు నడచినదో వ్రాసికొనలేదు. ఇద్దరి మాటలోను కొంత సత్యముండవచ్చును. పాళ్లెంతయో కొలతలేనిదే తేలదు.

మీ పాఠశాల ఆవరణమున ఒక వర్షమాపకము నుంచుడు. వారమునకొకసారి ఊరి బావికి త్రాడు దించి నీరెంత లోతున నున్నదో కొలిచి, తేదీ వేసి, ఒక పుస్తకమున వ్రాయుడు. బోర్లు నడచిన గంటలను రైతులనడిగి ప్రక్కన గుర్తింపుడు. మీరు పై తరగతికి పోవునప్పుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారికి అప్పగింపుడు. మొదటి ఏడు అది మీకేమియు చెప్పకపోవచ్చును. అయిదేండ్లకు, పదియేండ్లకు, కరవు వచ్చిన సంవత్సరమున గ్రామపెద్దలు తగవు తీర్చుటకు కూర్చున్నప్పుడు, ఆ పుస్తకము అందరికంటె మంచి సాక్షియగును. బృహస్పతి వెలుగును అర్థము చేసికొనుటకు శాస్త్రజ్ఞులు చేయుచున్న పనియు ఇంతకంటె వేఱు కాదు. వారు లోపలి ఊటను, వెలుపలి వానను, అవి చేరెడి నేలను మూటిని కొలుచుచు, తాము ముందనుకొన్నది తప్పని కొలత చెప్పినప్పుడు కొలతకే తల వంచుచున్నారు. అట్లు తల వంచుట నేర్చిన జాతికి తగవులు తగ్గును, జ్ఞానము పెరుగును.